సరసోక్తియా? స్కుర్రిలితాసా?
ఎఫెసీ 5:4లోని ఒక తెలుగు మాటపై విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

విజయవాడలోను, కృష్ణా డెల్టా గ్రామములలోను పరిచర్య చేయు కాపరులము నలుగురము కూడినచోట తరచు లేచు ప్రశ్న ఒకటున్నది. ప్రసంగవేదికమీద జోకు చెప్పవచ్చునా? చెప్పవచ్చునను వారు, జనులు నిద్రపోకుండుటకైనను అది అవసరమందురు. కూడదను వారు వెంటనే ఎఫెసీ 5:4 తెరచి, అందులోని "సరసోక్తులు" అను మాటను చూపుదురు. బూతులతోను పోకిరిమాటలతోను చేర్చి అపొస్తలుడు దానిని నిషేధించెను గదా, ఇక చర్చ దేనికి అని వారి వాదము. ఈ రెండు పక్షములవారును ఆ మాటను సరిగా విచారించలేదని మా అభిప్రాయము.

ఇందులో ఒక వింత యున్నది. "జోకు" అని మనము అనునది ఆంగ్లముద్వారా మనకు వచ్చిన లాతీను మాట. "యోకుస్" అను లాతీను నామవాచకమునుండి ఆంగ్లేయులు 17వ శతాబ్దిలో దానిని తీసికొనిరి, వారినుండి మనము తీసికొంటిమి. కాబట్టి డెల్టాలో జోకును సమర్థించువాడును ఖండించువాడును తెలియకయే లాతీను పలుకుచున్నారు. శ్రీరాంపూరు పాఠ్యక్రమమునుబట్టి బి.డి. చదివిన మావంటివారు గ్రీకు హెబ్రీ భాషలతో కొంత పరిచయము పొందితిమి గాని లాతీను జోలికి పోలేదు. 1960వ దశకములో ఆరాధన తెలుగులోనికి మారువరకు, 1937లో బెజవాడ పేరున ఏర్పడిన మన ప్రాంతపు కథోలిక పీఠములో పూజ లాతీనులోనే జరిగెను. కథోలిక పెద్దలు అర్థము తెలియకపోయినను దాని ధ్వనినైనను ఎరుగుదురు. మనము అదియు ఎరుగము. అయినను పాశ్చాత్య సంఘము నవ్వునుగూర్చి నేర్పిన నీతి యంతయు లాతీను మాటలలోనే రూపుకట్టినది గనుక, ఆ మాటలను ఒకమారు పరిశీలించుట మంచిది.

1. లాతీనులో జోకునకు ఉన్న పేర్లు

"యోకుస్" అనగా మాటతో చేయు వేడుక. "లూదుస్" అనగా ఆట, చేతతో చేయు వేడుక. వాడుకలో ఈ రెండును కలిసిపోయినను మూలభేదము ఇదియే. "యోకుస్" నుండి పుట్టిన క్రియ "యోకారీ", అనగా పరాచికములాడుట. "లూదుస్" సంబంధమైన క్రియకు ఒక ఉపసర్గ చేరగా "ఇల్లూదెరె" అయినది. దాని అర్థము ఒకనిమీద ఆడుట, అనగా అపహసించుట. ఇరువురు కలిసి ఆడుటకును, ఒకనిమీద ఆడుటకును మధ్య భేదము ఒక ఉపసర్గ మాత్రమే. ఈ సంగతి ముందు ముందు మనకు పనికివచ్చును.

క్రీ.పూ. 1వ శతాబ్దపు సిసెరో తన "ధర్మములు" అను గ్రంథములో జోకు రెండు తెగలని చెప్పెను. మొదటిది స్వతంత్రునికి తగనిది, మొరటుది, దుష్టమైనది, బూతుతో కూడినది. రెండవది సొగసైనది, నాగరికమైనది, తెలివిగలది. వక్తృత్వమునుగూర్చిన తన గ్రంథములో, మొదటి తెగవానికి "స్కుర్రా" అను పేరుపెట్టి, వక్త వానివలె మాటాడుట మానవలెనని హెచ్చరించెను. ఆ సిసెరోనే అతని శత్రువులు "కాన్సలు పదవిలోని స్కుర్రా" అని వెక్కిరించిరని మక్రోబియుసు చెప్పుచున్నాడు. చమత్కారికి తాను నాగరికుడననియు, దెబ్బతిన్నవానికి అతడు స్కుర్రా యనియు తోచుట లోకసహజము.

"స్కుర్రా" ఎవడు? ప్లౌతుసు నాటకములలో ఆ పేరు పట్టణములో సోకుగా తిరుగు మాటకారికి చెల్లెను. పోను పోను అది ధనవంతుల విందుబల్లయొద్ద నవ్వించి భోజనము సంపాదించువాని పేరాయెను. మన తెనాలి రామకృష్ణునికి జనులు పెట్టిన "వికటకవి" బిరుదు ముందునుండి చదివినను వెనుకనుండి చదివినను ఒక్కటియే. స్కుర్రా అట్లు కాదు. వాడు రాజును ఎదిరించి నవ్వించువాడు కాడు, యజమాని కొరకు బలహీనునిమీద నవ్వించువాడు. ఈ "స్కుర్రా" నుండియే "స్కుర్రిలితాస్" అను భావవాచకము పుట్టినది. వల్గేటు ఎఫెసీ 5:4లో, మన "సరసోక్తులు" ఉన్నచోట, ఉన్నది ఈ మాటయే.

2. ఇస్సాకు సరసము

ఎఫెసీ పత్రికకు వెళ్లకమునుపు ఆదికాండమును చూడవలెను. "సాహక్" అను హెబ్రీ ధాతువు ఇస్సాకు పేరులోనే యున్నది. అబ్రాహాము నవ్వెను, శారా నవ్వెను, పుట్టినవానికి నవ్వు అని పేరు పెట్టిరి. ఆ ధాతువే మరి కొన్ని చోట్ల తీవ్రరూపములో కనబడును. వాటిని మన తెలుగు బైబిలు ఎట్లు అనువదించెనో గమనించుడి. లోతు మాట అల్లుళ్లకు "ఎగతాళి"గా తోచినది (19:14). హాగరు కుమారుడు "పరిహసించుట" శారా చూచినది (21:9). ఇస్సాకు రిబ్కాతో "సరసమాడుట" అబీమెలెకు కిటికీనుండి చూచెను (26:8). పోతీఫరు భార్య, హెబ్రీయుడు తమ్మును "ఎగతాళి" చేయుటకు వచ్చెనని యోసేపుమీద నేరము మోపినది (39:14). దూడను చేసిన జనులు "ఆడుటకు" లేచిరి (నిర్గమ 32:6). ధాతువు ఒకటే, తెలుగు మాటలు నాలుగు.

4వ శతాబ్దాంతమున హెబ్రీనుండి లాతీనులోనికి తర్జుమా చేసిన జెరోము ఇంచుమించు ఇట్లే చేసెను. లోతు సంగతిలోను, హాగరు కుమారుని సంగతిలోను, దూడ సంగతిలోను ఆయన వాడినది "లూదెరె." యోసేపుమీది నేరములో వాడినది "ఇల్లూదెరె." ఈ అయిదు చోట్లలో ఒక్క ఇస్సాకు రిబ్కాల యొద్దనే ఆయన "యోకారీ" అను మాట వేసెను. అనగా లాతీను బైబిలులో ఈ ధాతువునకు జోకు అను అర్థము దక్కినది భార్యాభర్తల సరసమునకే. తెనాలి ప్రాంతమున పుట్టి బందరులో ఉపాధ్యాయుడుగా పనిచేసిన మునిమాణిక్యం నరసింహారావు "కాంతం" కథలలో వ్రాసిన సంసారపు హాస్యము ఈ జాతికి చెందినదే. అక్కడ నవ్వువారు ఇరువురు, ఓడువారు లేరు.

ఇస్సాకు కథలో మరియొక సంగతి యున్నది. రిబ్కా తన సహోదరియని గెరారువారితో అతడు చెప్పిన మాట గంభీరముగా చెప్పిన అబద్ధము. ఆ అబద్ధమును బయటపెట్టినది అతని సరసమే. కిటికీలోనుండి చూచిన రాజు ఒక్క చూపులో నిజము గ్రహించెను. గంభీరత ఎల్లప్పుడు సత్యపక్షముననే యుండునని, నవ్వు ఎల్లప్పుడు అసత్యపక్షముననే యుండునని తలంచువారికి ఈ వచనమే జవాబు. సుమారు 395లో అగస్టీను అబద్ధమునుగూర్చి వ్రాసిన గ్రంథమున, పరిహాసోక్తులను ఎవరును ఎన్నడును అబద్ధములుగా ఎంచలేదని చెప్పి వాటిని ప్రక్కన పెట్టెను. పలుకువాని స్వరము, ముఖభావము మోసగించు ఉద్దేశము లేదని తెలుపునని ఆయన హేతువు. అయితే పరిపూర్ణులు జోకులు ఆడవచ్చునా అను ప్రశ్నను ఆయన అక్కడ తేల్చలేదు.

3. ఎఫెసీ 5:4లోని మూడు మాటలు

గ్రీకు మూలములో మూడు మాటలున్నవి. "ఐస్ఖ్రోటేస్", "మోరోలోగియా", "యూత్రపెలియా." లాతీనులో అవి "తుర్పితూదో, స్తుల్తిలోక్వియుమ్, స్కుర్రిలితాస్." తెలుగులో "బూతులు, పోకిరిమాటలు, సరసోక్తులు." మొదటి రెండింటి విషయములో వివాదము లేదు. మూడవదియే చిక్కు.

"యూత్రపెలియా" అనగా ధాతువునుబట్టి చక్కగా మళ్లుట, మాటను చాకచక్యముగా తిప్పుట. నీతిశాస్త్రము నాలుగవ పుస్తకములో అరిస్టాటిలు దీనిని సద్గుణముగా ఎంచెను. దీనికి ఒక ప్రక్క మొరటువాడున్నాడు. వాడు తాను నవ్వడు, ఇతరులను నవ్వనీయడు. మరియొక ప్రక్క "బోమోలోఖోస్" ఉన్నాడు. ఈ మాటకు మూలార్థము బలిపీఠము చుట్టు పొంచియుండువాడు, అనగా అర్పణ మాంసములో ముక్క దొరకునేమోయని కాచుకొనువాడు. ఎట్లయినను నవ్వు పుట్టించవలెనని వాని ఆశ, ఎదుటివాని నొప్పి వానికి పట్టదు. బలిపీఠమునొద్ద ముక్క కొరకు పొంచియుండువాడను ఆ చిత్రము ప్రసంగవేదికకు చేరువగానున్నదని చెప్పుటకు మేము సిగ్గుపడుచున్నాము.

అరిస్టాటిలు సద్గుణమని చెప్పిన మాటను పౌలు దుర్గుణముల జాబితాలో చేర్చెను. ఇది ఎట్లు? సమాధానములు రెండు కలవు. కాలక్రమమున ఆ మాట హీనార్థము పొందెననునది మొదటిది. మాట మంచిదిగానే యున్నను, జారత్వమును లోభత్వమును దాచు ముసుగుగా వాడబడినప్పుడు అదియు పాపమే యనునది రెండవది. 5:3లో పౌలు ఎత్తినది ఆ పాపములనే గనుక, రెండవదియే సందర్భమునకు పొసగునని మా నిశ్చయము. పైగా యూత్రపెలియాకు బదులుగా పౌలు చెప్పినది "యూఖరిస్తియా", అనగా కృతజ్ఞతాస్తుతి. రెండు మాటలును ఒకే ఉపసర్గతో మొదలగును. చతురోక్తిని మానుమని చెప్పుచునే అపొస్తలుడు ఒక చతురోక్తి పలికెనని అనవచ్చును! లాతీనులోను తెలుగులోను ఈ శబ్దసామ్యము నిలువలేదు. ఏ అనువాదకుడును దానిని నిలుపజాలడు.

4. పితరుల తీర్పులు

లాతీను సంఘము "స్కుర్రిలితాస్" అను మాటను పట్టుకొని ఎంత దూరము పోయెనో చూడుడి. 386లో వ్రాసిన ఎఫెసీ వ్యాఖ్యానములో జెరోము, స్తుల్తిలోక్వియుమ్ బుద్ధిహీనునినుండి వచ్చును గాని స్కుర్రిలితాస్ తెలివిగలవానినుండియే వచ్చుననెను. వినువారిని నవ్వించుటకు వాడు కావలెనని మాటలను వెదకును. దానికి "యోకులారితాస్", అనగా జోకులాడుతనము, అను పేరుకూడ పెట్టవచ్చునని చెప్పి, పరిశుద్ధులకు నవ్వుకంటె ఏడ్పు తగునని ముగించెను. ఈ ఒక్క వాక్యముతో స్కుర్రా చేయు పనికిని యోకుస్ అంతటికిని మధ్యనున్న గోడ కూలినది. మిలాను అధ్యక్షుడు అంబ్రోసు, సిసెరో గ్రంథమును అనుసరించి సంఘ పరిచారకుల కొరకు వ్రాసిన పుస్తకములో, మర్యాదైన జోకులు లోకములో ఉన్నను అవి సంఘ నియమమునకు సరిపడవనెను. సిసెరో తెరచిన రెండవ తలుపును ఆయన మూసివేసెను. 6వ శతాబ్దపు బెనెడిక్టు నియమావళి నవ్వు పుట్టించు మాటలను మఠమునుండి శాశ్వతముగా బహిష్కరించెను. గ్రీకు సంఘములో క్రిసొస్తొము ఈ వచనముమీదనే కఠినముగా ప్రసంగించెను.

అయితే అంబ్రోసు అదే పుస్తకములో, 258లో రోమాలో హతసాక్షియైన లారెన్సును పొగడెను. ఇనుప పెనముమీద కాలుచు, ఈ ప్రక్క వేగినది, తిప్పి తినుడని లారెన్సు హింసకులతో అనినట్లు ఆయనే వ్రాసెను. ఇది జోకు కానియెడల మరి ఏది జోకు? జోకును వెలివేసిన గ్రంథమే ఒక జోకును పరిశుద్ధముగా దాచిపెట్టినది. కర్మెలు పర్వతముమీద బయలు ప్రవక్తలను ఏలీయా అపహాస్యము చేయుటయు (1 రాజులు 18:27) ఈ కోవలోనిదే. లారెన్సు గాని ఏలీయా గాని తమకంటె బలహీనునిమీద నవ్వలేదని గమనింపవలెను.

13వ శతాబ్దములో తోమా అక్వినాసు ఈ ముడిని విప్పెను. అంబ్రోసు జోకును దైవబోధనుండి తొలగించెను గాని మానవ సంభాషణ యంతటినుండి తొలగించలేదని ఆయన వివరించెను. అరిస్టాటిలు మాటయైన యూత్రపెలియాను తిరిగి సద్గుణముల వరుసలో నిలిపి, మూడు షరతులు పెట్టెను. అసభ్యమైన గాని హానికరమైన గాని మాటలో సుఖము వెదకరాదు. మనస్సు తన స్థిరత్వమును పూర్తిగా విడువరాదు. మనిషికిని, కాలమునకును, స్థలమునకును తగియుండవలెను. బొత్తిగా నవ్వనివాడు ఇతరులకు భారమగును గనుక అదియు దోషమేయని ఆయన చేర్చెను.

5. తెలుగు అనువాదకునికి న్యాయము

ఈ వ్యాసము మొదలుపెట్టునప్పుడు, "సరసోక్తులు" పొరపాటు అనువాదమని నిరూపించవలెనని మా తలంపు. పరిశీలించిన కొలది మా అభిప్రాయము తారుమారైనది.

"సరసము" అనగా రసముతో కూడినది. విజయవాడ బట్టల దుకాణముల బోర్డులమీద "సరసమైన ధరలు" అని ఇప్పటికిని చూచుచున్నాము. అక్కడ దాని అర్థము న్యాయమైనది, అనుకూలమైనది. "సరసుడు" అనగా రసమెరిగినవాడు, అది పొగడ్త. "సరసమాడుట" అనగా పరాచికము, స్త్రీపురుషుల మధ్యనైతే ప్రణయచేష్ట. మంచి మాట చెడ్డ పనికి ఎట్లు ముసుగు కాగలదో ఈ ఒక్క మాట చరిత్రలోనే యున్నది. "సరసము విరసము కొరకే" అను సామెత మన పెద్దలు ఊరకే చెప్పలేదు.

లాతీను అనువాదము "స్కుర్రిలితాస్" అని, ఆ దుర్గుణమును విందుబల్లయొద్ద కూర్చుండు విదూషకుని నెత్తిన పెట్టినది. దానిని విన్న పెద్దమనిషి, నేను స్కుర్రాను కాను గదాయని తప్పించుకొనవచ్చును. తెలుగు అనువాదము "సరసోక్తులు" అని, ఆ పెద్దమనిషినే పట్టుకొన్నది. సొగసైనదియు, తెలివిగలదియు, సభలో మెప్పుపొందునదియునైన మాటయే తగనిది కావచ్చునని హెచ్చరించినది. పౌలు అరిస్టాటిలు మెచ్చిన మాటనే దుర్గుణముల వరుసలో పెట్టినట్లు, మన అనువాదకుడును రసికులు మెచ్చు మాటనే అక్కడ పెట్టెను. ఈ విషయమున తెలుగు లాతీనుకంటె మూలమునకు దగ్గరగా నున్నది.

లోపము రెండు చోట్ల కలదు. నేటి యౌవనస్థులకు "సరసము" అనగా సినిమా ప్రణయము మాత్రమే స్ఫురించుచున్నది. కాబట్టి వారు ఈ వచనము తమ ఎగతాళికి వర్తించదని తలంతురు. రెండవది, కొందరు కాపరులు దీనిని నవ్వంతటిమీద నిషేధాజ్ఞగా చదువుచున్నారు. అట్లయినచో ఇస్సాకు సరసమును ఏమి చేయుదురు? తెలుగు బైబిలు రెండు చోట్లను "సరస" శబ్దమునే వాడినది. ఒకచోట అది సత్యమును బయలుపరచినది, మరియొకచోట నిషేధింపబడినది. నిషేధము శబ్దముమీద కాదు, వాడుకమీద.

మన నాట్యశాస్త్రము నవ్వును స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని ఆరు విధములుగా విభజించి, మొదటి రెండు ఉత్తములకు, చివరి రెండు అధములకు చెల్లుననెను. నవ్వు ఎంత బిగ్గరగా వచ్చెనను కొలత అది. క్రైస్తవ కొలత వేరు. నవ్వు ఎవరిమీద పడెను, ఎవరికి లాభము కలిగెను అని అది అడుగును. బుర్రకథలో హాస్యపు వంత ఉన్నాడు. అతడు కథకుని ఆపి, వినువారు అడుగదలచి అడుగలేని ప్రశ్న అడిగి నవ్వించును. మన డెల్టాలో సువార్త బుర్రకథలు విన్నవారికి ఇది తెలియును. అతడు కూలివాని పక్షమున మాటాడును గనుక కూలివాడు నవ్వును. స్కుర్రా నవ్వించునప్పుడు కూలివాడు తలవంచుకొనును.

6. మా స్వానుభవము

ఇది సిద్ధాంతము మాత్రమే కాదనుటకు మేము చేసిన ఒక తప్పును ఒప్పుకొనవలెను. సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట డెల్టాలోని ఒక గ్రామ సంఘములో పరిచర్య చేయుచుంటిమి. అక్కడ నాట్లకును కలుపుకును పోవు ఒక వృద్ధురాలు ప్రతి నెల మొదటి ఆదివారము సాక్ష్యము చెప్పెడిది. చదువు రాదు గాని వచనములు వినికిడిచేత కంఠస్థము. ఆమె కుమారుడు ధాన్యపు గోదాములో హమాలీ. ఒక దినము ఆమె "ఎఫెసీయులకు" అనవలసినచోట "ఎఫ్‌సీఐ వాళ్లకు" అనినది. తరువాత వేదికనెక్కిన మేము, "పౌలుగారు బియ్యం గోదాముకు ఉత్తరం రాశారని మామ్మ ఈ రోజు మనకు చెప్పింది" అంటిమి. సంఘమంతయు నవ్వినది. ఆమెయు కొంగు నోటికి అడ్డము పెట్టుకొని నవ్వినది. అది మంచి జోకేయని ఆ దినమున మేము తలంచితిమి.

ఆ పిమ్మట ఆమె సాక్ష్యమునకు లేవలేదు. మూడు నెలలు గడచిన తరువాత ఇంటికి వెళ్లి అడిగితిమి. "నాకు నోరు తిరగదండీ అయ్యగారూ, మీరు చదువుకున్నోళ్లు, మీరే చెప్పండి" అనినది. "నవ్వులాటకు అన్నాను మామ్మా" అంటిమి. ఆ మాట మా నోట వచ్చిన క్షణమున అది ఎక్కడిదో జ్ఞాపకము వచ్చినది. సామెతలు 26:18-19లో అమ్ములును కొరవులును విసరు వెఱ్ఱివానితో పోల్చబడినవాడు చెప్పు సాకు అదియే. అక్కడ తెలుగు బైబిలులో ఉన్న మాట "నవ్వులాటకు", వల్గేటులో "లూదెన్స్." సొలొమోను కాలమునుండి మా కాలమువరకు సాకు మారలేదు. ఆమె మరణించువరకు ఆ సంఘములో తిరిగి నోరు తెరువలేదు.

అక్వినాసు షరతులతో ఆ జోకును తూచి చూచితిమి. అందులో బూతు లేదు, అబద్ధము లేదు. అయినను మనిషికి తగలేదు, స్థలమునకు తగలేదు, హాని చేసినది. సరసోక్తియను పేరు దానికి సరిగా సరిపోయినది. చదువుకొన్నవాడు చదువులేనివారి మాటతీరును నవ్వుటయు, ఒక కులపువారి యాసను మరియొక కులపువాడు నవ్వుటయు, పెండ్లి విందులో భార్యల రంగును ఎత్తి నవ్వుటయు మన సంఘములలో ఇప్పటికిని జరుగుచున్నవి. వాటికి నొచ్చుకొనినవారిని, హాస్యము తెలియనివారని మరల నవ్వుదురు. తిండికొరకు మతము మారినవారని మన పితరులను ఊరివారు ఎగతాళి చేసిరి గదా! ఆ ఎగతాళి తిన్న వారి మనుమలము మనము. మరి మన వేదికలమీదనుండి ఎవరిని ఎగతాళి చేయుచున్నాము?

ముగింపు

కీర్తన 1:1లో "అపహాసకులు కూర్చుండు చోటు" అనియున్నది. జెరోము హెబ్రీనుండి చేసిన కీర్తనలలో అక్కడ "కాతెద్రా" అను మాట ఉన్నది, అనగా బోధకుని పీఠము. అపహాసకునికిని బోధకునికిని ఒకే పీఠము సరిపోవునని ఆ మాట మమ్మును హెచ్చరించుచున్నది.

సువార్తలలో సైనికులు యేసును అపహసించినచోట వల్గేటు వాడినది "ఇల్లూదెరె" అను క్రియయే. ముండ్లకిరీటము, రెల్లు, మోకాళ్లూనుట, ఇవన్నియు వారికి ఆట. 1857లో రోమా పాలటైను కొండమీద బయటపడిన గోడగీతలో గాడిదతలతో సిలువవేయబడిన మనిషి బొమ్మయున్నది, దానిని ఆరాధించువాడని ఒక క్రైస్తవుని పేరు వెక్కిరింపుగా వ్రాయబడియున్నది. మన ప్రభువు జోకునకు గురియైనవాడు. కాబట్టి సంఘములో ఒకడు జోకు విసరినప్పుడు ఆయన ఎవరి ప్రక్కన నిలుచునో మనము తెలిసికొనవలెను.

కావున మా సూచనలు ఇవి. "సరసోక్తులు" అను మాటను మార్చనక్కరలేదు. అయితే ముద్రణలలో అంచున, చతురత పేరిట ఇతరులను చెరచు మాటలు అను వివరణ చేర్చుట మేలు. ఈ వచనము బోధించునప్పుడు ఆదికాండము 26:8ని తప్పక చేర్చి చదువవలెను, అప్పుడు నవ్వు నేరము కాదని సంఘము గ్రహించును. వేదికమీద జోకు చెప్పదలచిన కాపరి, అది ఎవరిమీద పడునో వారు ముందువరుసలో కూర్చున్నట్లు ఊహించుకొని చెప్పవలెను. తనమీద తాను చెప్పుకొనునది అన్నిటికంటె క్షేమము. మేము ఇప్పుడు ఎఫెసీ పత్రిక ఎత్తినప్పుడెల్ల, గోదాముకు ఉత్తరము వ్రాసినది పౌలు కాదు, దానిని సరిగా చదువలేకపోయినవాడు మీ కాపరియే అని చెప్పి మొదలుపెట్టుచున్నాము. సంఘము నవ్వుచున్నది. వృద్ధులు సాక్ష్యమునకు లేచుచున్నారు.